కుంటలో న్యూటు ఉన్నదా, లేదా?

ఇంగ్లండులో పొలము కొన్నవాడు అందులో తన ఇష్టము వచ్చినట్లు ఇండ్లు కట్టుటకు వీలులేదు. నేల అతనిదే, కాని దానిపై కట్టడము లేపుటకు 1947 నాటి పట్టణ, గ్రామ ప్రణాళికా చట్టము వచ్చినప్పటినుండి స్థానిక పాలక మండలి అనుమతి కావలెను. దీనిని అక్కడ ప్లానింగ్ పర్మిషన్ అందురు.

దరఖాస్తుతోపాటు ఇండ్ల పటములు, దారుల పటములు జతపరచవలసి యుండుట సహజమే. పొలములోగాని, దాని చుట్టుపట్లగాని ఒక నీటికుంట ఉన్నచో మరొక కాగితము కూడ అవసరమగును. ఆ కుంటలో న్యూటు ఉన్నదా, లేదా అను ప్రశ్నకు అందులో సమాధానము ఉండవలెను. ఆ కాగితమును వ్రాయువాడు పర్యావరణ సలహాదారు. ఇతడు వకీలు కాడు, ఇంజనీరు కాడు. తరచుగా జీవశాస్త్రము చదివినవాడు. ఇండ్ల వ్యాపారములో జీవశాస్త్రజ్ఞునకు ఏమి పని అని విద్యార్థులు అడుగవచ్చును. ఆ పనిని కొంచెము దగ్గరగా చూతము.

న్యూటు కప్పవలె ఉభయచరము, కాని దానికి తోక ఉండును. బల్లిని పోలియుండును గాని బల్లికున్న పొలుసులు దీనికి లేవు. తెలుగు ప్రాంతములో తోకగల ఉభయచరములు లేవు. భారతదేశములో వీని బంధువును చూడదలచినవారు డార్జిలింగు కొండలకు పోవలెను. బ్రిటనులో స్థానికముగా మూడు జాతుల న్యూటులు ఉన్నవి. వానిలో పెద్దది శిఖ న్యూటు. దీని పొడవు సుమారు 15 సెంటీమీటర్లు. సంతానోత్పత్తి కాలములో మగదాని వీపుపై రంపపు పండ్లవంటి శిఖ లేచును. పొట్ట నారింజరంగు, దానిపై నల్లని మచ్చలు. మన వ్రేలిముద్రల వలెనే ఈ మచ్చల అమరిక ఏ రెండు న్యూటులకును ఒకటిగా ఉండదు. అందుచేత ఫోటో తీసి, ఇది నిన్న చూచినదేనా, వేరొకటియా అని గుర్తించవచ్చును.

ఆడ న్యూటు గ్రుడ్లను కప్పవలె గుంపుగా పెట్టదు. ఒక్కొక్క గ్రుడ్డును ఒక్కొక్క నీటిమొక్క ఆకుపై పెట్టి, వెనుక కాళ్ళతో ఆ ఆకును మడిచివేయును. ఇంత శ్రద్ధ తీసికొన్నను ఆ గ్రుడ్లలో దాదాపు సగము చచ్చును. కారణము దాని మొదటి క్రోమోజోము జతలో ఉన్నది. ఈ క్రోమోజోమునకు రెండు రూపములు కలవు. తల్లినుండి ఒక రూపము, తండ్రినుండి రెండవ రూపము వచ్చిన పిండమే బ్రతుకును. రెండును ఒకే రూపమైనచో పిండము మధ్యలోనే నశించును. మెండెలు సూత్రమును బోధించు ఉపాధ్యాయులు ఈ లెక్కను నల్లబల్లపై వేయించవచ్చును. సగము పోవుట ఎట్లో విద్యార్థులే చెప్పగలరు.

ఐరోపాలో ఈ ప్రాణి చాలచోట్ల తగ్గిపోయినది. అందుచేత బ్రిటనులో 1981 నాటి వన్యప్రాణి చట్టము, తరువాతి నిబంధనలు దానికి గట్టి రక్షణ కల్పించినవి. దానిని చంపుట, పట్టుట మాత్రమే కాదు, అది సంతానము కను చోటును, విశ్రమించు చోటును పాడుచేయుట కూడ నేరమే. ఇక్కడ ఒక చిక్కు గలదు. న్యూటు సంవత్సరములో ఎక్కువ భాగము నీటిలో ఉండదు. మోడుల క్రింద, రాళ్ళ క్రింద, గడ్డి దుబ్బుల మొదట్లో గడపును. కుంటనుండి కొన్ని వందల మీటర్ల దూరమువరకు అది పోగలదు. కాబట్టి కుంటను ముట్టుకొనక ప్రక్క పొలమును మాత్రమే త్రవ్వినను న్యూటులు చావవచ్చును. సలహాదారు ఇంటి స్థలమునకు 500 మీటర్ల లోపలనున్న కుంటలను పటముపై వెదకుట ఇందువలననే.

ఉన్నదని రుజువు చేయుట తేలిక. ఒక్కటి కనిపించిన చాలును. లేదని రుజువు చేయుట కష్టము. డిసెంబరులో కుంట అంతయు గాలించి ఒక్కటియు దొరకలేదని వ్రాసినచో ఆ మాటకు విలువ లేదు, ఏలయన ఆ నెలలో న్యూటులు నేలలో దాగియుండును. అవి నీటికి చేరునది వసంతములో. అందుచేత మార్చి నడుమనుండి జూను నడుమవరకు, అందులోను సగము సారులైన ఏప్రిలు మధ్యనుండి మే మధ్య లోపల, కనీసము నాలుగు మారులు పోయి చూడవలెనని నియమము. చీకటిపడిన తరువాత టార్చిలైటు వేసి చూతురు. మడిచిన ఆకులకై వెదకుదురు. ప్లాస్టిక్ సీసాలను బోనులుగా నీటిలో అమర్చి తెల్లవారుజామున తీయుదురు. న్యూటు గాలికొరకు పైకి రావలసిన ప్రాణి గనుక సీసాలో గాలిబుడగ మిగులునట్లు ఏటవాలుగా పెట్టవలెను. ఇది మరచినచో ప్రాణిని లెక్కించుటకు పోయి దానిని చంపినట్లగును.

2014 నుండి మరొక పద్ధతిని కూడ అధికారులు అంగీకరించుచున్నారు. నీటిలో నివసించు ప్రతి ప్రాణియు చర్మపు పొరలను, మలమును నీటిలో విడుచును. వానితోపాటు దాని డి.ఎన్.ఎ. కూడ నీటిలో కలసి, కొద్ది వారములలో నశించిపోవును. అనగా నీటిలో న్యూటు డి.ఎన్.ఎ. దొరకినచో ఆ ప్రాణి ఇటీవలనే అక్కడ ఉన్నదన్నమాట. ఏప్రిలు 15 నుండి జూను 30 లోపల కుంట చుట్టును 20 చోట్ల నీరు తీసి, కలిపి, అందులోనుండి ఆరు గొట్టములలో నింపుదురు. బురద కలగకుండుటకు నీటిలో దిగరాదు. ప్రయోగశాలలో ఒకే నమూనాను 12 మారులు పరీక్షింతురు. 12 లో ఒక్కటి అవునన్నను ఉన్నట్లే లెక్క. కాని ఎన్ని ఉన్నవో ఈ పరీక్ష చెప్పజాలదు.

ఇప్పుడు ఆలస్యము సంగతి తెలిసినదిగదా! జూలైలో సలహాదారు తలుపు తట్టిన ఇండ్ల వ్యాపారి మరుసటి వసంతమువరకు ఆగవలెను. బ్యాంకు వడ్డీ మాత్రము ఆగదు. అందుచేత న్యూటుపై కోపము. 2020 లో బ్రిటిషు ప్రధానమంత్రి బోరిస్ జాన్సనే న్యూటుల లెక్కింపు వలన దేశములో కట్టడములు ఆలస్యమగుచున్నవని బహిరంగముగా ఫిర్యాదు చేసెను. తప్పు న్యూటుది కాదని నా అభిప్రాయము. భూమి కొనకముందే, పటము గీయకముందే పిలిచినచో సలహాదారు ఋతువును తప్పిపోనీయడు. దారిని కొంచెము మరలించి, కుంటకును పొదలకును మధ్య గడ్డిపట్టీని విడిచి, సగము చిక్కును కాగితముపైననే తీర్చును. పటము పూర్తియైన తరువాత పిలిచినచో మిగులునది కంచె వేయుట, గుంటబోనులలో పడిన న్యూటులను లైసెన్సుగలవారు ఒక్కొక్కటిగా మోసికొనిపోవుట. అది ఖర్చుగల పని. ఇప్పుడు పలు జిల్లాలలో వ్యాపారి సర్వే చేయించుటకు బదులుగా నిర్ణీత రుసుము చెల్లించినచో, ఆ ధనముతో అనుకూలమైన వేరొకచోట క్రొత్త కుంటలు త్రవ్వించు ఏర్పాటు ఉన్నది.

సలహాదారు కుంటకు మార్కులు కూడ వేయును. కుంట వైశాల్యము, ఎండిపోవుట, నీటి శుభ్రత, నీడ, నీటిపక్షులు, చేపలు మొదలైన పది అంశములకు 0.01 నుండి 1 వరకు మార్కులు. చివర పదింటిని కూడి పదిచే భాగింపరు. పదింటిని గుణించి పదవ మూలము తీయుదురు. అనగా గుణాత్మక సగటు. ఎందుకు? తొమ్మిది అంశములకు పూర్తిగా 1 వచ్చి, చేపలు మెండుగా ఉన్నందున పదవ అంశమునకు 0.01 వచ్చినదనుకొందము. మామూలు సగటు 0.90, చాల మంచి కుంట అనిపించును. గుణాత్మక సగటు 0.63 మాత్రమే, అనగా మధ్యరకము. చేపలు న్యూటు పిల్లలను తినివేయును గనుక ఈ రెండవ లెక్కయే ప్రకృతికి దగ్గర.

మరొక లెక్కలో ధనము కూడ చేరినది. 2021 నాటి పర్యావరణ చట్టము వలన, పెద్ద కట్టడములకు 2024 ఫిబ్రవరినుండి, స్థలమునందలి జీవసంపద కట్టడము తరువాత మునుపటికంటె కనీసము 10 శాతము పెరుగవలెను. దానిని 30 సంవత్సరములు కాపాడవలెను. 2 హెక్టార్ల సాధారణపు పచ్చిక ఉన్నదనుకొనుడు. దాని ప్రత్యేకతకు 2, స్థితి మధ్యరకమైనచో మరొక 2; గుణించగా 8 యూనిట్లు. వ్యాపారి 8.8 యూనిట్లు చూపవలెను. అదే పచ్చిక స్థితి హీనమని వ్రాసినచో స్థితికి 1 మాత్రమే. మొత్తము 4, చూపవలసినది 4.4. పచ్చిక అదే, వైశాల్యము అదే; మారినది చూచినవాని కన్ను. ఆ కన్నుకు జీతమిచ్చువాడు ఆ వ్యాపారియే!

ఈ వృత్తియొక్క అసలు కష్టము ఇక్కడ ఉన్నది. వైద్యునకు రోగి ధనమిచ్చును, కాని రోగము లేదని వ్రాయమని కోరడు. ఇక్కడ కుంటలో ఏమియు లేదన్న మాట వ్యాపారికి లాభము. దీనికి మందు కొంతవరకు పద్ధతిలోనే ఉన్నది. నివేదికలో ‘కనిపించలేదు’ అన్న చాలదు. ఏ తేదీన, ఎన్ని గంటలకు, గాలి ఉష్ణోగ్రత ఎంత ఉండగా, ఎన్ని సీసాలు పెట్టి చూచితిరో వ్రాయవలెను. అప్పుడు పాలక మండలి తరపు జీవశాస్త్రజ్ఞుడు దానిని తనిఖీ చేయగలడు. కాని అట్టి నిపుణుడు ప్రతి మండలికిని లేడు. లేనిచోట నివేదికను చదువువాడు ఉండును గాని ప్రశ్నించువాడు ఉండడు.

మన దేశములో ఇట్టి పని పర్యావరణ ప్రభావ అంచనా అను పేరుతో జరుగును. 2006 సెప్టెంబరు 14 నాటి కేంద్ర ప్రభుత్వ ప్రకటన ప్రకారము గనులు, విద్యుత్ కేంద్రములు మొదలగువానికేగాక, 20,000 చదరపు మీటర్లు దాటిన భవనములకు కూడ ముందుగా పర్యావరణ అనుమతి కావలెను. నివేదిక వ్రాయు సలహాదారు సంస్థకు గుర్తింపు ఉండవలెను. దానికి ధనమిచ్చునది ఇక్కడను ప్రాజెక్టు పెట్టువాడే. ఋతువు చిక్కు మనకు తలక్రిందుగా వచ్చినది. సాధారణముగా వర్షాకాలము తప్ప మరొక ఋతువులోని కొలతలను అడుగుదురు. గాలిలోని ధూళిని కొలుచుటకు ఇది సరియే, వాన దుమ్మును కడిగివేయును గనుక. కాని మన కప్పలు బయటికి వచ్చునది, చిత్తడినేల నిండుగా కనిపించునది వర్షాకాలములోనే. ఎండకాలములో చూచినవానికి అది బీడుగా తోచవచ్చును.

నేలకు పెట్టిన పేరు ఎంత దూరము పోవునో శ్రీకాకుళము జిల్లాలో చూచితిమి. సోంపేట వద్ద థర్మల్ విద్యుత్ కేంద్రమునకు ఎన్నుకొన్న స్థలము కాగితములలో పనికిరాని నేలగా నమోదైనది. అక్కడివారు దానిని బీల అందురు. అది చేపలకు, పక్షులకు, చుట్టుప్రక్కల వరిపొలములకు ఆధారమైన చిత్తడినేల. 2010 జూలై 14న అక్కడ పోలీసు కాల్పులలో మనుష్యులు మరణించిరి. అదే దినమున జాతీయ పర్యావరణ అప్పిలేటు అథారిటీ ఆ కేంద్రమునకిచ్చిన అనుమతిని రద్దుచేసెను. విద్యుత్ కేంద్రము అక్కడ కట్టబడలేదు.