చేపల తొట్టికి ఏ పూత మంచిది?



మన బడిలో ప్రార్థన స్థలం పక్కన కొత్తగా సిమెంటు తొట్టి కట్టిన సంగతి మీకు తెలుసు. పిల్లలు తలా కొంచెం డబ్బులు వేసుకొని తెచ్చిన పన్నెండు చేపలు మర్నాడు పొద్దునకల్లా చచ్చి తేలిన సంగతీ తెలుసు. "సార్, మేం మేత తక్కువ వేసినామా?" అని ఆరో తరగతి పిల్లలు అడిగినారు. లేదు నాయనా, మీ తప్పు ఏమీ లేదు. తొట్టికి పూత పూసి అప్పటికి వారం కూడా కాలేదు. తొందరపడింది పెద్దవాళ్లం మేమే.

ఆ తర్వాత ఒక తండ్రిగారు మంచి మనసుతో, ఇంటి గోడలకు వేయగా మిగిలిన రంగు డబ్బా తెచ్చి ఇచ్చినారు. దాన్ని తొట్టికి ఎందుకు వాడటం లేదో చెప్పాల్సిన బాధ్యత మాకు ఉంది. మీలో కొందరి ఇళ్లలోనూ పెరట్లో ఇలాంటి తొట్లు ఉన్నాయి. మన హోసూరు అంగళ్లలో దొరికే డబ్బాల మీద రాత ఇంగ్లీషులోనో తమిళంలోనో ఉంటుంది. అందుకే ఏం అడగాలో, ఏం చూడాలో తెలుగులో రాస్తున్నాం.

పచ్చి సిమెంటు ఏం చేస్తుంది?

సిమెంటు నీళ్లతో కలిసి గట్టిపడేటప్పుడు సున్నం పుడుతుంది. ఆ సున్నం కొద్దికొద్దిగా నీళ్లలోకి దిగుతుంది. పదో తరగతి పిల్లలు ఆమ్లాలు, క్షారాల పాఠంలో పీహెచ్ గురించి చదివే ఉంటారు. చాలా చేపలకు 6.5 నుంచి 8.5 దాకా ఉన్న నీళ్లు సరిపోతాయి. పచ్చి సిమెంటు తగిలిన నీళ్లలో అది 12 దాకా పోగలదు. పీహెచ్‌లో ఒక్క అంకె పెరిగితే క్షారగుణం పది రెట్లు పెరిగినట్టు. 8 నుంచి 12కి అంటే పదివేల రెట్లు. ఆ నీళ్లు చేప మొప్పలను కాల్చేస్తాయి. పైగా చేపల మలమూత్రాల నుంచి వచ్చే అమ్మోనియా కూడా అలాంటి నీళ్లలో ఎక్కువ విషమవుతుంది.

కాబట్టి ఏ పూత వేసినా రెండు ప్రశ్నలు అడగాలి. లోపలి సున్నాన్ని అది ఆపుతుందా? తనలోంచి ఇంకేదైనా నీళ్లలోకి వదులుతుందా?

వేయకూడనివి

ఇంటి బయటి గోడల రంగు: వానకు గోడ మీద బూజు, పాచి పట్టకుండా ఇందులో మందులు కలుపుతారు. పాచిని చంపే మందు చేపకు మంచిది కాదు. డబ్బా మీద "పాచి పట్టదు" అని గొప్పగా రాసి ఉంటే, మన తొట్టికి అది వద్దనే అర్థం.

ఎనామిల్ రంగు: కిటికీలకు, గేట్లకు వేసేది. ఎప్పుడూ నీళ్లలో మునిగి ఉండటానికి చేసింది కాదు. తడి సిమెంటు మీద పొరలు పొరలుగా లేస్తుంది.

తారు: మిద్దె కారకుండా పూసే తారు జాతి పూతలు కొన్నిటిలో నుంచి చేపలకు హాని చేసే నూనెలు దిగుతాయి.

రాగి కలిసిన రంగులు: పడవల అడుగున నాచు పట్టకుండా వేసేవి. రాగి కొంచెమైనా చేపలకు విషమే.

సున్నం: వెల్లవేయడం అసలే వద్దు. మనం వదిలించుకోవాలనుకునేది దాన్నే కదా.

వేయదగినవి

మొదటిది, వట్టి సిమెంటు పూత. నున్నగా తీసి, బాగా క్యూరింగ్ చేసి, సున్నం వదిలే దాకా నానబెడితే వేరే రంగే అక్కర్లేదు. ఖర్చు తక్కువ, ఓపిక ఎక్కువ కావాలి.

రెండోది, తాగునీటి ట్యాంకుల లోపల వేసే సిమెంటు జాతి పూత. ఇది ఒక పొడి, ఒక ద్రవం కలిపి బ్రష్‌తో రెండు పూతలుగా వేసేది. సన్నని నెర్రెలను మూస్తుంది, చెమ్మ ఉన్న గోడకూ పడుతుంది. ఇందులోనూ సిమెంటు ఉంది కాబట్టి నానబెట్టడం తప్పదు.

మూడోది, ఎపాక్సీ. సున్నాన్ని లోపలే బిగించేస్తుంది. కానీ ద్రావకం లేని రకం, తాగునీటికి పనికొచ్చే రకం అని డబ్బా మీద స్పష్టంగా ఉండాలి. రెండు భాగాలను చెప్పిన కొలతలోనే కలపాలి. కొలత తప్పితే ఎన్నాళ్లకూ గట్టిపడక జిగటగా ఉండి, మందు నీళ్లలోకి దిగుతుంది. గోడ పూర్తిగా ఎండి ఉండాలి, లేకపోతే బొబ్బలు లేస్తాయి. గోడ ఎండిందో లేదో తెలుసుకోవడం సులువు. ఒక పాలిథిన్ ముక్కను నాలుగు వైపులా టేపుతో అంటించి ఒక రోజు ఉంచండి. లోపల నీటి చుక్కలు కనిపిస్తే ఇంకా చెమ్మ ఉన్నట్టే. వేశాక కనీసం వారం రోజులు ఆరనివ్వాలి. డబ్బా మీద ఎక్కువ రోజులు రాసి ఉంటే అన్ని రోజులూ ఆగాలి.

నాలుగోది, చెరువులకు పరిచే రబ్బరు షీటు. తొట్టి బాగా పగిలి ఉంటే దానికి మించింది లేదు. సిమెంటుకు, నీళ్లకు అసలు తగులుడే ఉండదు.

ఎంత కొనాలి?

మన తొట్టి పొడవు 8 అడుగులు, వెడల్పు 5, లోతు 2. అడుగు భాగం 40 చదరపు అడుగులు, నాలుగు గోడలు కలిపి 52, మొత్తం 92. పూత కొనేటప్పుడు ఈ లెక్క చెప్పాలి. నీళ్లు పట్టేది 80 ఘనపుటడుగులు, అంటే సుమారు 2,265 లీటర్లు. ఏడో తరగతి పిల్లలు ఒకసారి సరిచూడండి.

మనం చేయబోయేది

మన తొట్టి కారడం లేదు. అందుకని మొదటి దారే పట్టినాం, రంగు వేయడం లేదు. పూత పూసిన రోజు నుంచి 28 రోజులు క్యూరింగ్. ఆ తర్వాత నిండా నీళ్లు పట్టి, నాలుగైదు రోజులు ఉంచి, గోడలను బ్రష్‌తో రుద్ది పారబోయాలి. ఇలా మూడు నాలుగు సార్లు. మన వైపు పెద్దలు కొత్త తొట్టిలో అరటి బోదె ముక్కలు వేసి కుళ్లనిచ్చి కడిగేవారు. అదీ చేద్దాం, కానీ ఆ కుళ్లు నీళ్లను మొత్తం తీసేసి బాగా కడగాలి. నీళ్లు కలిపిన వెనిగర్‌తో గోడలు తుడిచినా సున్నం కొంత విరుగుతుంది. బాత్‌రూం కడిగే యాసిడ్ మాత్రం పిల్లలు ముట్టుకోరాదు.

చివరగా పరీక్ష. పసుపు కలిపిన నీళ్లలో తెల్ల కాగితం ముంచి ఆరబెట్టండి. తొట్టి నీళ్లు తగిలితే అది ఎర్రబడిందా, ఇంకా సున్నం ఉంది. పసుపుగానే ఉంటే ప్రయోగశాలలోని పీహెచ్ కాగితంతో మళ్లీ చూడాలి. నీళ్లు పట్టిన రోజే కాదు, వారం ఆగి చూడాలి, ఎందుకంటే సున్నం నెమ్మదిగా దిగుతుంది. ఎండకు పాచి పనిచేసేటప్పుడు పీహెచ్ పెరుగుతుంది కాబట్టి పొద్దున్నే చూడటం మేలు. కొళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటే అదీ చేపలను చంపుతుంది. నింపి ఒకటి రెండు రోజులు ఎండకు వదిలేస్తే క్లోరిన్ చాలావరకు పోతుంది.

అన్నీ సరిపోయాక ముందు రెండే రెండు గప్పీలు వదులుతాం. వారం రోజులు హుషారుగా తిరిగితే మిగతావి. గప్పీలు దోమ పిల్లలను తింటాయి, డెంగ్యూ కాలంలో బడికి అది పెద్ద సాయం. అయితే ఎక్కువైన గప్పీలను రామనాయకన్ చెరువులోనో, వాగులోనో వదలకండి. అక్కడి చేపలకు అవి పోటీ అవుతాయి.

రంగు డబ్బా ఇచ్చిన తండ్రిగారికి మా కృతజ్ఞతలు. దాన్ని బడి ప్రహరీ గోడకు వాడుతున్నాం. తల్లిదండ్రుల్లో మేస్త్రి పని తెలిసినవారు ఎవరైనా ఒక శనివారం వచ్చి మన తొట్టి పూత చూసి పోతే సంతోషం. నీళ్లు మార్చే వంతుల పట్టిక నోటీసు బోర్డులో అంటిస్తాం. పిల్లలూ, ఈసారి తొందరపడం. మీరు చేపలకు పేర్లు పెట్టుకొని ఉండండి.

ఇట్లు,
మీ బడి పర్యావరణ బృందం