అక్కను తిట్టిన పాట

బాబ్ డిలన్ అభిమానులు నలుగురు కలిస్తే ఆయన గొప్ప పాటలేవో తేల్చడానికి పెద్దగా సమయం పట్టదు. 'బ్యాలడ్ ఇన్ ప్లెయిన్ డి' పేరెత్తితే మాత్రం పంచాయితీ ఓ పట్టాన తెగదు. 1964 ఆగస్టులో విడుదలైన 'అనదర్ సైడ్ ఆఫ్ బాబ్ డిలన్' ఆల్బమ్‌లో చివరి నుంచి రెండో పాట ఇది. ఎనిమిది నిమిషాలకు పైగా సాగుతుంది. పల్లవి లేదు. చరణం వెనక చరణం, ఒక ప్రేమ ఎలా ముక్కలైందో చెబుతూ పోతుంది. కొందరికి ఇది డిలన్ రాసిన అత్యంత నిజాయతీ గల పాట. ఇంకొందరికి, ఆయన రాయకుండా ఉండాల్సిన పాట.

మా ఇంట్లోనూ ఈ తగువు ఉంది. మా చిన్న చెల్లికి ఈ పాట ప్రాణం. నాకు వింటున్నంతసేపూ మనసు ఒప్పదు. "అక్కా, నువ్వు పాట వినడం లేదే, తీర్పు చెప్పేస్తున్నావు" అంటుంది. ఆ మాటకు జవాబు చెప్పాలంటే ముందు పాట వెనక కథ తెలియాలి.

1961 జులైలో న్యూయార్క్‌లోని రివర్‌సైడ్ చర్చిలో జరిగిన జానపద సంగీత కచేరీలో డిలన్‌కు సూజీ రొటోలో పరిచయమైంది. ఆమెకు పదిహేడేళ్లు, అతనికి ఇరవై. సూజీ నల్లజాతీయుల హక్కుల కోసం పోరాడే 'కోర్' సంస్థలో పనిచేసేది. నాటకరంగంలో తిరిగేది. బ్రెహ్ట్ నాటకాల పాటల దగ్గరికి డిలన్‌ను తీసుకువెళ్లింది ఆమే. 1963లో వచ్చిన 'ఫ్రీవీలిన్' ఆల్బమ్ అట్ట మీద, మంచు పడిన జోన్స్ స్ట్రీట్‌లో డిలన్ చేయి పట్టుకుని నడుస్తున్న అమ్మాయి సూజీయే.

ఆమె అక్క కార్లా. జానపద గీతాల సేకరణకు పేరుమోసిన అలన్ లోమాక్స్ దగ్గర సహాయకురాలు. డిలన్ కొత్తగా న్యూయార్క్ వచ్చిన రోజుల్లో ఆమె దగ్గరున్న రికార్డులు విని పాటలు నేర్చుకున్నాడు. అతని పాటను మొదట్లో మెచ్చుకున్నవాళ్లలో ఆమె కూడా ఉంది. చెల్లెలితో అతని ప్రేమ వ్యవహారం ముదిరేకొద్దీ వాళ్లిద్దరికీ పడకుండా పోయింది. 1964 వసంతంలో కార్లా ఇంట్లోనే పెద్ద గొడవ జరిగింది. అంతటితో ఆ ప్రేమ ముగిసిపోయింది.

అదే ఏడాది జూన్ 9 రాత్రి డిలన్ కొలంబియా స్టూడియోకి వెళ్లాడు. నిర్మాత టామ్ విల్సన్. ఆల్బమ్‌లోని పదకొండు పాటలూ ఆ ఒక్క రాత్రే రికార్డయ్యాయి. వాటిలో ఈ గొడవ మీద రాసిన పాట ఒకటి. బాణీకి మూలం ప్రియురాలిని పోగొట్టుకున్నవాడి గురించిన ఒక పాత స్కాటిష్ జానపద గీతం అంటారు. పాటలో పేర్లు లేవు. చెల్లెలు అమాయకురాలు, అక్క చెల్లి మీద బతికే మనిషి. తల్లి మీదా నిందలున్నాయి. న్యూయార్క్‌లోని గ్రీనిచ్ విలేజ్‌లో ఆ కుటుంబాన్ని ఎరిగిన ఎవరికైనా ఆ అక్క ఎవరో ఇట్టే తెలిసిపోతుంది.

ఆ ఆల్బమ్ మొత్తం మీదే అప్పట్లో అభిమానులు చీలిపోయారు. అంతకుముందు వరకు డిలన్ అంటే యుద్ధాన్నీ, జాతి వివక్షనూ ప్రశ్నించిన గొంతు. ఇప్పుడు తన గురించి తాను పాడుకుంటున్నాడని చాలామంది నొచ్చుకున్నారు. జానపద సంగీత పత్రిక 'సింగ్ అవుట్' సంపాదకుడు ఇర్విన్ సిల్బర్ ఆయనకు బహిరంగ లేఖే రాశాడు. ఆ ఆల్బమ్‌లోని 'మై బ్యాక్ పేజెస్', 'ఇట్ ఎయింట్ మీ, బేబ్' వంటి పాటలు కాలక్రమంలో క్లాసిక్కులయ్యాయి. ఈ పాట మీద మాత్రం తగువు అలాగే మిగిలిపోయింది.

పాటను ఇష్టపడేవాళ్ల వాదనలో బలం ఉంది. డిలన్ ఇందులో తననూ వదిలిపెట్టలేదు. తాను చేసినదానికి క్షమాపణ లేదని, ఆమెతో అబద్ధాలాడానని ఒప్పుకుంటాడు. చివరి చరణం స్వేచ్ఛ గురించి ఒక ప్రశ్న వేసి ఆగిపోతుంది. ఆ ప్రశ్న అంటే పాటను ఇష్టపడనివాళ్లకూ ఇష్టమే. మా చెల్లి మాటల్లో చెప్పాలంటే, గుండె పగిలిన ఇరవై మూడేళ్ల కుర్రాడి దగ్గర న్యాయం వెతకకూడదు, నొప్పి వినాలి.

కాదనను. నొప్పి నాకూ వినిపిస్తుంది. కానీ నేను ముగ్గురు చెల్లెళ్లకు అక్కను. పదిహేడేళ్ల చెల్లెలు ఊరూ పేరూ తెలియని కుర్రాడితో తిరుగుతుంటే అక్క అడ్డుపడుతుంది. ఒక్కోసారి పరుషంగానే అడ్డుపడుతుంది. మన జానపదాల్లోనూ అత్తను, ఆడబిడ్డను, సవతిని తిట్టిపోసే పాటలు బోలెడు. ఆ అత్త ఫలానా ఇంటి అత్త కాదు, అందరి అత్త. పాడే కోడలికి ఊరట, వినే అత్తకు పోయేదేం లేదు. డిలన్ పాటలోని అక్కకు మాత్రం ఇల్లుంది, వీధి ఉంది, ఉద్యోగం ఉంది. తిట్టినవాడి చేతిలో కొలంబియా కంపెనీ మైకు ఉంది. ఆమె చేతిలో ఏముంది? నన్ను బాధించేది పాటలోని కోపం కాదు, ఆ ఎగుడుదిగుడు.

ఇందులో డిలన్ అభిప్రాయం కూడా చివరికి రెండో పక్షం వైపే మొగ్గింది. 1985లో పాత్రికేయుడు బిల్ ఫ్లానగన్‌తో మాట్లాడుతూ, తన పాటలన్నింటిలో దీన్ని బహుశా వదిలేసి ఉండొచ్చని, వెనక్కి చూసుకుంటే ఇది రాసిన తాను ఎంత మూర్ఖుడినో అనిపిస్తుందని చెప్పాడు. ఈ పాటను ఆయన ఏ వేదిక మీదా పాడలేదు. 1975లో వచ్చిన 'బ్లడ్ ఆన్ ద ట్రాక్స్' కూడా ఎడబాటు పాటల ఆల్బమే. అక్కడ ఎవరి ఇంటి గొడవో వేలు పెట్టి చూపించలేరు. అందుకే కాబోలు, ఆ పాటల్లో ఎవరి దుఃఖాన్ని వాళ్లు వెతుక్కోగలుగుతున్నారు.

సూజీ తన కథను తన మాటల్లో చెప్పుకున్నది 2008లో, 'ఎ ఫ్రీవీలిన్ టైమ్' అనే పుస్తకంలో. పాట వచ్చిన నలభై నాలుగేళ్లకు. 2011లో ఆమె కన్నుమూసింది.

ఈ పాటను వినొద్దని నేను అనను. మహాకవులకు కూడా కసి కలుగుతుందని, కసి పాటను ఇరుకు చేస్తుందని తెలుసుకోవడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. వినండి. విన్నాక, సూజీ ఇటలీ వెళ్లిన రోజుల ఎడబాటులోంచి పుట్టిన 'బూట్స్ ఆఫ్ స్పానిష్ లెదర్' కూడా వినండి. అందులో ఇద్దరూ మాట్లాడతారు. ఒకరి మాటకు ఇంకొకరి జవాబు ఉంటుంది. అదే మనిషి, అదే ప్రేమ. అది మంచి పాట కావడానికి ఆ జవాబే కారణమని నా నమ్మకం.

రేడియోకు లలిత గీతాలు రాసేదాన్ని కాబట్టి, పాటలు రాస్తున్న పిల్లలకు ఒక్క మాట. మీ జీవితంలోని మనుషుల గురించి తప్పకుండా రాయండి. కానీ జవాబు చెప్పుకునే దారి లేని మనిషిని తిట్టే చరణం వస్తే, అది ఎంత బాగా కుదిరినా సరే, కొట్టేయండి.