ఇన్నోవా ధరకే బెంజ్ కారు దొరుకుతోందా? కొనే ముందు, కొన్నాక ఈ లెక్కలు తెలియకపోతే జేబుకు చిల్లే!

కారు రేటు సగానికి పైగా పడిపోతుంది.. కానీ స్పేర్ పార్టుల రేటు పడదు. సెకండ్ హ్యాండ్ బెంజ్ ఓనర్లు తప్పక తెలుసుకోవాల్సిన విషయాలు ఇవే.

తెలుగు ఇళ్లలో బాగా డబ్బున్నవాళ్ల గురించి చెప్పాలంటే ఇప్పటికీ వచ్చే మాట ఒకటే.. 'వాళ్లకేంటి, బెంజ్ కార్లలో తిరుగుతారు' అని. అలాంటి బెంజ్ ఇప్పుడు మధ్యతరగతికి కూడా అందుబాటులోకి వచ్చినట్టే కనిపిస్తోంది. ఏడెనిమిదేళ్లు నడిచిన సీ-క్లాస్, ఈ-క్లాస్ కార్లు సెకండ్ హ్యాండ్ మార్కెట్లో కొత్త ఇన్నోవా ధరకో, అంతకంటే తక్కువకో దొరుకుతున్నాయి. చూడ్డానికి తళతళా మెరుస్తుంటాయి. బేరం కుదిరిపోతుంది. అసలు కథ ఆ తర్వాతే మొదలవుతుంది.

అసలు లెక్క ఎక్కడ తప్పుతోంది?

కొత్తగా ఉన్నప్పుడు 60 లక్షలు పలికిన కారును మీరు 15 లక్షలకు కొన్నారనుకుందాం. మీ దృష్టిలో అది 15 లక్షల కారు. కానీ సర్వీస్ సెంటర్‌లో మాత్రం అది ఎప్పటికీ 60 లక్షల కారే. హెడ్‌ల్యాంప్, గేర్‌బాక్స్, సెన్సర్.. ఏది మార్చినా బిల్లు ఆ స్థాయిలోనే వస్తుంది. పైగా పాతబడే కొద్దీ రిపేర్లు పెరుగుతాయి. మెర్సిడెస్-బెంజ్ మన దేశంలో కొత్త కారుకు కిలోమీటర్ల పరిమితి లేకుండా మూడేళ్ల వారంటీ ఇస్తోంది. ఎక్స్‌టెండెడ్ వారంటీ లేకపోతే, మూడో ఓనర్ చేతికొచ్చేసరికి ఆ రక్షణ ఏదీ మిగలదు.

కాబట్టి 'ఎంతకు వస్తుంది?' అన్నదానితో పాటు 'ఏడాదికి ఎంతవుతుంది?' అన్నది కూడా ముందే లెక్కేసుకోవాలి.

కొనే ముందు చూడాల్సిన మూడు విషయాలు

1. సర్వీస్ హిస్టరీ: ఈ తరం బెంజ్ కార్ల సర్వీస్ వివరాలు కంపెనీ దగ్గర డిజిటల్‌గా నమోదవుతాయి. పాత ఓనర్‌ను వెంటబెట్టుకుని ఆథరైజ్డ్ సర్వీస్ సెంటర్‌కు వెళ్తే ఛాసిస్ నంబర్ ఆధారంగా చూడొచ్చు. మీటర్‌లో 45 వేల కిలోమీటర్లు కనిపిస్తూ, మూడేళ్ల కిందటి సర్వీస్ రికార్డులో 70 వేలు ఉందంటే మీటర్ తిప్పేశారని అర్థం. 'రికార్డు లేదండీ, బయటే చేయించాం' అంటే కనీసం బిల్లులైనా చూపించమనండి.

2. రీకాల్స్: ఇది చాలామంది పట్టించుకోరు. 2022లో మెర్సిడెస్-బెంజ్ ప్రపంచవ్యాప్తంగా దాదాపు 10 లక్షల పాత కార్లను వెనక్కి పిలిచింది. 2004 నుంచి 2015 మధ్య తయారైన ఎంఎల్, జీఎల్, ఆర్-క్లాస్ మోడళ్లు ఇందులో ఉన్నాయి. బ్రేక్ బూస్టర్‌కు తేమ తగిలి తుప్పు పడితే, బ్రేకులు సరిగా పడకపోవచ్చన్నది సమస్య. అమెరికాలోనైతే తనిఖీ పూర్తయ్యేదాకా ఆ కార్లను నడపొద్దనే చెప్పింది. సెకండ్ హ్యాండ్ మార్కెట్లో తిరిగే పాత ఎస్‌యూవీలు ఎక్కువగా ఈ మోడళ్లే. ఛాసిస్ నంబర్ ఇచ్చి పెండింగ్ రీకాల్స్ ఉన్నాయేమో తప్పకుండా అడగాలి.

3. బయటి రాష్ట్రం బండి: ఢిల్లీ పరిధిలో పదేళ్లు దాటిన డీజిల్ కార్లపై వచ్చిన ఆంక్షలను 2018లో సుప్రీంకోర్టు కూడా సమర్థించింది. దాంతో ఆ వయసుకు దగ్గరపడ్డ లగ్జరీ కార్లు అక్కడ చౌకగా దొరకడం, దక్షిణాదికి తరలి రావడం మామూలైపోయింది. కానీ తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లో నడపాలంటే అక్కడి నుంచి ఎన్‌ఓసీ తెచ్చుకుని, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టి, నంబర్ మార్పించుకోవాలి. ఈ పన్నును మీరు కొన్న రేటు మీద కాకుండా బండి అసలు ధర, వయసును బట్టి లెక్కిస్తారు. ఇది కలిపితే ఢిల్లీలో 'చౌక' అనుకున్న బండి ఇక్కడికొచ్చేసరికి తడిసి మోపెడు కావచ్చు. అందుకే అడ్వాన్స్ ఇచ్చే ముందే ఆర్టీఏ ఆఫీసులో ట్యాక్స్ ఎంతో కనుక్కోవాలి.

సర్వీస్‌లో ఇవి వాయిదా వేయొద్దు

మన దేశంలో బెంజ్ కార్లకు 15 వేల కిలోమీటర్లు లేదా ఏడాది.. ఏది ముందొస్తే అప్పుడు సర్వీస్ చేయించాలి. 'సర్వీస్ ఏ', 'సర్వీస్ బీ' అని మార్చి మార్చి వస్తాయి. ఇంకెన్ని రోజులుందో డ్యాష్‌బోర్డే చెబుతుంది. 'ఏడాదిలో 4 వేలే తిరిగింది కదా' అని వదిలేయడం పొరపాటు. బండి తిరగకపోయినా ఇంజిన్ ఆయిల్ పాతబడుతుంది.

ఆయిల్ డబ్బా మీద బ్రాండ్ పేరు కంటే ముందు చూడాల్సింది ఆమోద సంఖ్య. ఎంబీ 229.5, 229.51, 229.52 లాంటి నంబర్లు ఉంటాయి. మీ ఇంజిన్‌కు ఏది సరిపోతుందో ఓనర్ మాన్యువల్‌లో రాసి ఉంటుంది. బయట షెడ్డులో వేయించినా సరే, ఆ నంబర్ ఉన్న ఆయిలే వేయించాలి.

బ్రేక్ ఫ్లూయిడ్ రెండేళ్లకోసారి మార్చాలి. అది గాల్లోని తేమను పీల్చుకుంటుంది. తేమ పెరిగితే ఘాట్ రోడ్డు దిగేటప్పుడు బ్రేకులు పట్టు తప్పే ప్రమాదం ఉంది. బ్రేక్ ప్యాడ్‌లు అరిగాయని స్క్రీన్ మీద మెసేజ్ వస్తే వెంటనే మార్పించుకోవాలి. ఆలస్యమైతే డిస్కులు కూడా పోతాయి, అప్పుడు ఖర్చు ఇంకా ఎక్కువ.

డీజిల్ అయితే ఒకలా.. పెట్రోల్ అయితే ఒకలా

బీఎస్-6 డీజిల్ బెంజ్‌లలో పొగలోని మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. ఆ మసి కాలిపోవాలంటే బండి కాసేపు ఆగకుండా, వేడెక్కేలా నడవాలి. రోజూ అమీర్‌పేట, పంజాగుట్ట ట్రాఫిక్‌లో మూడు నాలుగు కిలోమీటర్లు మాత్రమే తిరిగితే ఫిల్టర్ నిండిపోయి వార్నింగ్ లైట్ వస్తుంది. అప్పుడప్పుడూ ఔటర్ రింగ్ రోడ్డు మీదో, హైవే మీదో ఓ అరగంట ఒకే వేగంతో నడపడం మంచిది.

యాడ్‌బ్లూ అనే యూరియా ద్రావణం కూడా నింపుతూ ఉండాలి. 'ఇంకా ఇన్ని కిలోమీటర్లే' అని బండి ముందే హెచ్చరిస్తుంది. పట్టించుకోకపోతే ఒకసారి ఆపాక ఇంజిన్ మళ్లీ స్టార్ట్ కాదు. దీని మూత నీలం రంగులో ఉంటుంది. డీజిల్ ట్యాంక్‌లో పొరపాటున పోస్తే మాత్రం బండి స్టార్ట్ చేయకుండా టోయింగ్‌కు ఫోన్ చేయాల్సిందే.

పెట్రోల్ కార్ల విషయానికొస్తే, ఫ్యూయల్ మూత లోపలి స్టిక్కర్ ఓసారి చదవండి. ఎంత ఆక్టేన్ పెట్రోల్ పోయాలి, ఎంత శాతం ఇథనాల్ తట్టుకుంటుంది అన్నది అక్కడే ఉంటుంది. పాత మోడల్ అయితే ఈ20 పెట్రోల్ సరిపోతుందో లేదో సర్వీస్ సెంటర్‌లో అడిగి తెలుసుకోవడం అవసరం.

పొద్దున్నే కారు ఓ పక్కకు ఒరిగి ఉందా?

కొన్ని ఈ-క్లాస్, ఎస్-క్లాస్, జీఎల్ఎస్ లాంటి మోడళ్లలో స్ప్రింగుల బదులు గాలి బెలూన్ల మీద నడిచే ఎయిర్ సస్పెన్షన్ ఉంటుంది. రాత్రి పార్క్ చేసిన కారు పొద్దునకల్లా ఓ మూల కిందికి దిగి ఉందంటే గాలి లీకవుతున్నట్టు. 'స్టార్ట్ చేస్తే లేస్తోంది కదా' అని ఊరుకుంటే, ఆ లీకేజీని పూడ్చడానికి కంప్రెసర్ ఆగకుండా తిరిగి చివరికి కాలిపోతుంది. ఒక రిపేర్‌తో పోయేది రెండవుతుంది. 'కారు మరీ కిందికి ఉంది, ఆపండి' అన్న మెసేజ్ వస్తే అస్సలు నడపకూడదు.

ఇక బ్యాటరీ. స్టార్ట్-స్టాప్ ఉన్న కార్లకు ఏజీఎం రకం బ్యాటరీ కావాలి. చౌకగా వస్తుందని మామూలుది పెట్టిస్తే లేనిపోని వార్నింగులు మొదలవుతాయి. పిల్లలు అమెరికాలో ఉండి, కారు ఇంట్లో నెలల తరబడి కదలకుండా ఉండే కుటుంబాలు బ్యాటరీ మెయింటెయినర్ ఛార్జర్ పెట్టుకోవడం మేలు. వైరింగ్‌ను ఎలుకలు కొరికాయేమో కూడా చూసుకోవాలి.

సెల్లార్‌లోకి నీళ్లొస్తే ఏం చేయాలి?

2020 అక్టోబర్‌లో హైదరాబాద్ వరదలు, 2024 సెప్టెంబర్‌లో విజయవాడ బుడమేరు ముంపు.. రెండుసార్లూ ఎన్నో కార్లు నీట మునిగాయి. ఇలాంటప్పుడు చాలామంది చేసే పని, నీళ్లు తగ్గగానే స్టార్ట్ చేసి చూడటం. ఇంజిన్ సిలిండర్లలోకి నీళ్లు చేరి ఉంటే ఆ ఒక్క ప్రయత్నానికే కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. మునిగాక మీరే స్టార్ట్ చేశారని తేలితే ఇన్సూరెన్స్ క్లెయిమ్ కూడా చిక్కుల్లో పడుతుంది.

- స్టార్ట్ చేయొద్దు, ఇగ్నిషన్ కూడా ఆన్ చేయొద్దు.
- నీళ్లు ఎంత ఎత్తు వరకు వచ్చాయో ఫొటోలు, వీడియోలు తీసుకోండి.
- ఇన్సూరెన్స్ కంపెనీకి వెంటనే చెప్పండి.
- తాడు కట్టి లాగించొద్దు. నాలుగు చక్రాలూ పైకెక్కించే ఫ్లాట్‌బెడ్ వాహనంలోనే తరలించాలి.

మామూలు పాలసీలో ఇలాంటి ఇంజిన్ నష్టం సాధారణంగా కవర్ కాదు. 'ఇంజిన్ ప్రొటెక్ట్' యాడ్-ఆన్ విడిగా తీసుకోవాలి.

ఇన్సూరెన్స్‌లో అసలు మెలిక ఇదే

పాత లగ్జరీ కారుకు పెద్ద దెబ్బ ఇక్కడే తగులుతుంది. రిపేర్ ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే ఆ కారును 'టోటల్ లాస్' కింద లెక్కగడతారు. ఉదాహరణకు మీ బెంజ్ ఐడీవీ 12 లక్షలు అనుకుంటే, బిల్లు 9 లక్షలు దాటగానే ఆ గీత దాటినట్టే. చిన్న కారుకు 9 లక్షల రిపేర్ ఊహించలేం. బెంజ్‌లో ఎయిర్‌బ్యాగులు తెరుచుకుని, ముందు భాగం, రెండు హెడ్‌ల్యాంపులు, సెన్సర్లు పోతే అక్కడిదాకా వెళ్లడం పెద్ద కష్టం కాదు. అప్పుడు చేతికొచ్చేది ఐడీవీ మేరకే. లోన్ ఉంటే అందులోంచి ముందు బ్యాంకు వాటా పోతుంది. ప్రీమియం తగ్గుతుందని ఐడీవీ తగ్గించుకునేవాళ్లు ఈ లెక్క ఓసారి చూసుకోవాలి.

ఇంకా కొన్ని:

- రబ్బరు, ప్లాస్టిక్ పార్టులు, టైర్లు, బ్యాటరీ ధరలో 50 శాతం తరుగు కింద కోత పెడతారు. జీరో డెప్ కవర్ ఉంటే ఈ భారం చాలావరకు తగ్గుతుంది. కానీ బండి వయసు పెరిగాక చాలా కంపెనీలు ఆ కవర్ ఇవ్వవు. ఇస్తారో లేదో కొనకముందే అడగండి.
- బండి మీ పేరు మీదకు మారాక 14 రోజుల్లోపు పాలసీ మార్పిడికి దరఖాస్తు చేయాలి. లేదంటే మీ కారుకు జరిగిన నష్టం క్లెయిమ్ తిరస్కరణకు గురి కావచ్చు.
- పాత ఓనర్ నో క్లెయిమ్ బోనస్ మీకు రాదు. అది బండిది కాదు, మనిషిది.

మరి కొనాలా, వద్దా?

రికార్డు సరిగ్గా ఉన్న బండి దొరికితే బెంజ్ నడపడంలో ఉన్న సుఖం, భద్రత వేరు. అందులో సందేహం లేదు. కాకపోతే చేతిలో ఉన్న డబ్బంతా కారుకే పెట్టేయకూడదు. 15 లక్షల బడ్జెట్ ఉంటే 12 లక్షల కారు చూసుకుని, మిగతా 3 లక్షలు ఇన్సూరెన్స్, టైర్లు, మొదటి ఏడాది రిపేర్ల కోసం పక్కన పెట్టుకోవడం తెలివైన పని. కొనే ముందు ఆథరైజ్డ్ సెంటర్‌లో ఫుల్ స్కానింగ్‌కు అయ్యే కొన్ని వేల రూపాయలకు అస్సలు వెనకాడొద్దు. స్కానింగ్‌కు అమ్మేవాళ్లు ఒప్పుకోకపోతే, ఆ బండి ఎంత చౌకగా వచ్చినా వదిలేయడమే మంచిది.

గమనిక: ఇన్సూరెన్స్ నిబంధనలు, యాడ్-ఆన్‌లు కంపెనీని బట్టి మారుతుంటాయి. నిర్ణయం తీసుకునే ముందు మీ పాలసీ పత్రం, కారు ఓనర్ మాన్యువల్ తప్పకుండా చదవండి.