నెట్ రానప్పుడు రౌటరును పరీక్షించు పద్ధతి

రైతు ఒక పూట పని మానుకొని భూమి నకలు కొరకు కార్యాలయమునకు వచ్చును. "నెట్ లేదు, రేపు రండి" అని చెప్పినచో ఆ దినము వృథా. చాలాసార్లు లైను బాగుగనే యుండి, తప్పు రౌటరులో నుండును. హైదరాబాదు శ్రీనగర్ కాలనీలో అపార్టుమెంటు గదులలో నడచు చిన్న ఆఫీసులోనైనను, మన గ్రామ కార్యాలయములోనైనను పరీక్ష ఒక్కటే.

రౌటరు చేయు పనులు

కార్యాలయములోని యంత్రములకు సాధారణముగా 192.168తో మొదలగు లోపలి చిరునామాలుండును. ఇవి బయట చెల్లవు. పాత పద్ధతి చిరునామాలు ప్రపంచమంతటికి సుమారు 430 కోట్లే. అవి చాలవని 1994లో చిరునామా మార్పు పద్ధతిని ప్రతిపాదించిరి. ఒకే తూము క్రింద పది బోదెలు పారినట్లు, యంత్రములన్నియు ఒకే బయటి చిరునామాతో పనిచేయును. ఏ జవాబు ఎవరిదో రౌటరు పట్టికలో వ్రాసికొనును.

రెండవది పేరును అంకెగా మార్పించుట. రైతు పేరు చెప్పగా అడంగలు చూచి సర్వే నంబరు తెలిపినట్లు, సైటు పేరునకు డి.ఎన్.ఎస్. సర్వరు అంకె తెలుపును. ఈ ఏర్పాటు 1983లో వెలసినది.

పరీక్ష వరుస

1. విండోస్ కంప్యూటరులో ఐపీకాన్ఫిగ్ ఆజ్ఞ ఇచ్చి చూడుడు. చిరునామా 169.254తో మొదలైనచో రౌటరు నుండి చిరునామా అందలేదు. తీగను, వైఫైని సరిచూచి, రౌటరును ఆపి అర నిమిషము తరువాత వేయుడు.

2. అచ్చటనే కనబడు గేట్‌వే అంకెను పింగ్ చేయుడు. జవాబు వచ్చినచో రౌటరు వరకు దారి బాగున్నది.

3. 8.8.8.8ను పింగ్ చేయుడు. జవాబు వచ్చియు ఏ సైటును పేరుతో తెరుచుకొననిచో తప్పు డి.ఎన్.ఎస్.లోనిది. రౌటరు డి.ఎన్.ఎస్. గడులలో 8.8.8.8, 1.1.1.1 అని వ్రాయుడు. ఒక్క సైటే రానిచో రౌటరును ముట్టవద్దు. ఆ సైటే ఆగియుండవచ్చును.

4. జవాబు రానిచో రౌటరు పుటలో వాన్ చిరునామా చూడుడు. 0.0.0.0 ఉన్నచో బయటి చిరునామా అందలేదు. కంపెనీకి ఫిర్యాదు చేయవలెను.

రెండు రౌటర్లున్నచో

కంపెనీ పెట్టెకు మన రౌటరు తగిలించినప్పుడు రెండింటికిని 192.168.1 వరుసయే యున్నచో దారి తప్పును. మన రౌటరును 192.168.5.1గా మార్చుడు. వాన్ చిరునామా 100.64 మొదలు 100.127 వరకు ఉన్నచో కంపెనీయే ఒక చిరునామాను పలువురికి పంచుచున్నది. సైట్లు తెరచుటకు అడ్డులేదు. బయటినుండి ఆఫీసు కెమేరా చూచుటకు మాత్రము వేరుగా బయటి చిరునామా అడుగవలెను.

హెచ్చరిక

రీసెట్ గుండీని నొక్కరాదు. లైను పేరు, పాస్‌వర్డు చెరిగిపోయి, ఉన్న నెట్ కూడ పోవును. వాటిని ముందే పుస్తకములో వ్రాసి భద్రపరచుడు. పది నిమిషముల ఈ పరీక్షతో రైతుకు ఒక దినము మిగులును.