ఏట్రింత ఫోటో: ఎక్కడ కోయాలి, ఎంత వెలుగు పెంచాలి

చేలో ఎకరాకు 10 నుంచి 20 పక్షి స్థావరాలు, అదే టీ ఆకారం కర్రలు, పెట్టుకోమని మన వీడియోల్లో చెప్తూనే ఉన్నాం. పెట్టినవాళ్లు ఫోటోలు పంపుతున్నారు, సంతోషం. కానీ చాలా ఫోటోల్లో బోలెడంత ఆకాశం, మధ్యలో ఒక నల్ల చుక్క. "పిట్టలొస్తే గింజలు మిగలవు" అనే పక్క చేను రైతుని ఆ చుక్కతో ఎలా ఒప్పిస్తాం? ముక్కున పురుగు కనపడాలి కదా. ఫోన్లోనే బాగుచేసే పద్ధతి పై వీడియోలో స్నాప్‌సీడ్‌లో చేసి చూపించాను. అందులో తొందరగా చెప్పినవి ఇక్కడ వివరంగా రాస్తున్నా.

ముందు క్రాప్. 12 మెగాపిక్సెల్ ఫోటో అంటే అడ్డంగా 4000, నిలువుగా 3000 పిక్సెల్స్. రెండు వైపులా సగానికి కోస్తే మిగిలేది 3 మెగాపిక్సెల్, అంటే నాలుగో వంతు. భయం లేదు, ఫోన్లో చూడటానికి, 6 అంగుళాల ప్రింటుకి అది చాలు. ఇంకా లోపలికి కోస్తూ పోతే ఈకలు పోయి మచ్చలు మిగులుతాయి. లేని ఈకని ఏ యాప్ కూడా తేలేదు. తెచ్చిందంటే అది ఊహించి గీసిన ఈకే.

ఏట్రింత విషయంలో ఒక్కటి గుర్తుపెట్టుకోండి: తోక కోయొద్దు. చివర రెండుగా చీలిన ఆ తోకే దాని గుర్తు. అది లేకపోతే కాకో, మగ కోయిలో అనుకుంటారు. పిట్ట చూసే వైపు కొంచెం ఖాళీ వదలండి. కింద కర్ర కూడా ఉంచండి. అందం కోసం కర్ర తీసేస్తే అది మన చేలో దిగిన పిట్ట అని ఎలా తెలుస్తుంది?

వెలుగు దగ్గరే అసలు చిక్కు. వెనక ఆకాశం తెల్లగా ఉంటే కెమెరా దానికి సర్దుకుంటుంది, నల్లపిట్ట బొగ్గు ముద్దలా వస్తుంది. బ్రైట్‌నెస్ మొత్తం పెంచకుండా 'ట్యూన్ ఇమేజ్'లో షాడోస్ మాత్రం మెల్లగా పెంచండి. రెక్క మీద మెరుపు, కన్ను బయటపడతాయి. దుక్కి వెనక తిరిగే తెల్లకొంగకి దీనికి పూర్తిగా తిరకాసు. తెలుపు ఒకసారి మాడిపోతే ఎడిటింగ్‌లో తిరిగి రాదు. తీసేటప్పుడే తెర మీద కొంగని తాకి, సూర్యుడి గుర్తుని కిందికి లాగి తీయాలి.

రంగులు పెంచే సరదా మనవాళ్లకి ఎక్కువ. పాలపిట్ట రెక్క విప్పితే ఎలాగూ నీలమే, దానికి ఇంకా నీలం పులమడం ఎందుకండీ? ఫోటో చూసి పిట్టని గుర్తుపట్టాలనుకునే కుర్రాడు మోసపోతాడు. షార్ప్‌నెస్ కూడా అంతే. ఎక్కువైతే పిట్ట చుట్టూ తెల్ల గీత వచ్చి, కత్తిరించి అంటించినట్టు ఉంటుంది. ముక్కున లేని పురుగుని ఎడిటింగ్‌లో పెట్టడం మాత్రం వద్దే వద్దు. ఒక్కసారి దొరికితే మన పద్ధతి మొత్తాన్నీ అబద్ధం అంటారు.

గిజిగాడి గూడులాంటివి పంచుకునే ముందు ఫోటోలో లొకేషన్ తీసేయండి, గూళ్లు తెంపుకెళ్లేవాళ్లు ఉన్నారు. అసలు ఫోటో చెరపకుండా కాపీ మీదే ఎడిట్ చేయండి. వాట్సాప్‌లో పంపేటప్పుడు డాక్యుమెంట్‌గా పంపితే నాణ్యత తగ్గదు. పంట పేరు, తేదీ కూడా రాయండి.