లోహవిమానమును నిర్మించిన హ్యూగో యుంకర్స్

కఱ్ఱచట్రముపై గుడ్డను బిగించి, ఒక రెక్కపై నింకొక రెక్కను నిలిపి, రెంటినడుమ కడ్డీలను తీగలను లాగికట్టి విమానములను నిర్మించుచున్న కాలమున, ఆ గుడ్డతోను తీగలతోను పనిలేకుండ విమానమంతయు లోహముతోనే కట్టవచ్చునని నమ్మి, నమ్మినదానిని చేసి చూపిన జర్మను ఇంజనీరు హ్యూగో యుంకర్స్. ఈయన వైమానికుడు కాడు, ఉష్ణశాస్త్రవేత్త. విమానముల జోలికి వచ్చునప్పటికి ఈయనకు ఏబదియేండ్లు నిండవచ్చినవి.

1859 ఫిబ్రవరి 3న రైన్ ప్రాంతమందలి రైట్ పట్టణమున జన్మించి, బెర్లిన్, కార్ల్‌స్రూహె, ఆఖెన్ నగరములలో యంత్రశాస్త్రము నభ్యసించి, 1888లో దెస్సావు చేరి గ్యాసు యంత్రములపై పరిశోధనలు సాగించెను. ఇంధనమును కాల్చినపుడు ఎంత వేడి పుట్టునో కొలుచు కెలోరీమీటరు నొకదానిని నిర్మించెను. ఆ కృషియే 1895లో స్థాపించిన కర్మాగారమున స్నానమునకు నీళ్లుకాచు గ్యాసు గీజరులుగా ఫలించెను. 1897లో ఆఖెన్ సాంకేతిక విద్యాలయమున ఆచార్యపదవి లభించినను కర్మాగారమును విడువలేదు. గీజరులు అమ్మగా వచ్చిన ధనము విమాన పరిశోధనలకు పెట్టుబడియైనది. పలుచని రేకును వంచి అతుకుటలో అచటి పనివారు గడించిన నేర్పు అంతకంటె విలువైన మూలధనమైనది. సహాధ్యాపకుడైన హాన్స్ రైస్నర్ తన విమానమునకు లోహపు రెక్కలు కావలెనని కోరగా, వానిని చేసియిచ్చినది దెస్సావు కర్మాగారమే.

ఈయన మూలభావము 1910 నాటి పేటెంటులోనే కలదు. ఆనాటి రెక్కలు మిక్కిలి పలుచనివి. పలుచని రెక్క తన భారమును తాను మోయజాలదు గావున బయటినుండి తీగలతో పట్టి నిలుపవలసివచ్చెడిది. ఆ తీగలు గాలికి అడ్డుపడి యంత్రశక్తిని వ్యర్థపఱచెడివి. రెక్కను మందముగా చేసినచో ఆ ఆధారములన్నిటిని దాని కడుపులోనే దాచవచ్చునని యుంకర్స్ తలంచెను. దూలపు వెడల్పును మార్పక లోతును మాత్రము రెట్టించినచో దాని బలము నాలుగింతలగునని ఇంజనీరులందఱు ఎఱుగుదురు. కాని మందమైన రెక్క గాలిని మిక్కిలిగా నిరోధించునని అందఱును భయపడిరి. వాయుసొరంగమున నమూనాలను పరీక్షించి, ఆ భయము తలచినంతటిది కాదని ఈయన కనుగొనెను. నా దృష్టిలో యుంకర్స్ చేసిన పనులలో ఇదియే సర్వోత్తమము. లోహము దానికి సాధనముగా వచ్చినది. 1929 నాటి జి 38 విమానమున రెక్క ఎంత మందముగా నుండెననగా, ప్రయాణికులు కొందఱు రెక్కలోపలనే కూర్చుండి, ఎదుటి కిటికీలగుండ ఆకాశమును చూచుచు పోయెడివారు.

1915 డిసెంబరు 12న బెర్లిన్ సమీపమున డ్యోబెరిట్స్ మైదానమునుండి జె 1 అను ఒంటిరెక్క విమానము నేల విడిచెను. బయట కడ్డీ లేదు, తీగ లేదు, ఒడలంతయు ఉక్కురేకు. గంటకు సుమారు 170 కిలోమీటర్ల వేగము నందుకొన్నను, బరువుచేత పైకెక్కుటయందు మందగించెను. దానికి ‘రేకుగాడిద’ యని పేరు పెట్టిరి.

ఉక్కునకు బదులు ఆల్ఫ్రెడ్ విల్మ్ కనుగొన్న డ్యూరాల్యుమిన్‌ను యుంకర్స్ చేపట్టెను. అల్యూమినియమునకు కొంచెము రాగి, మెగ్నీషియము, మాంగనీసు కలిపి, కాచి నీట ముంచి, కొన్ని దినములు విడిచియుంచినచో తనంతతాను గట్టిపడు మిశ్రలోహమిది; ఉక్కు బరువులో ఇంచుమించు మూడవవంతు మాత్రమే తూగును. ఐనను పలుచని రేకు సులభముగా వంగును. అందుచేత, తాటాకు తన మడతలచేతనే బిగువుగా నిలుచునట్లు, రేకునకు ముడతలు పెట్టి దృఢత్వము కలిగించెను. ముడతలు గాలి ప్రవహించు దిశలోనే సాగును గావున నిరోధము స్వల్పమని ఎంచెను. అది అంత స్వల్పము కాదని తరువాత తేలి, విమాననిర్మాతలు నున్నని రేకులకు మఱలిరి.

మొదటి ప్రపంచయుద్ధమున సైన్యమునకు విమానములు కట్టియిచ్చిన యుంకర్స్, యుద్ధము ముగియగానే ప్రయాణికులవైపు తిరిగెను. ఒట్టో రాయిటర్ రూపకల్పన చేసిన ఎఫ్ 13, వెర్సేల్స్ సంధిపై సంతకములకు మూడుదినములు ముందు, 1919 జూన్ 25న ఎగిరెను. నలుగురు ప్రయాణికులు మూసిన గదిలో, వెచ్చగా, నడుమునకు పట్టీలు కట్టుకొని కూర్చుండెడివారు. మూడువందలకు పైగా తయారైన ఈ విమానములు కొలంబియాలో మగ్దలేనా నదివెంట, పర్షియాలో ఎడారులపైని తిరిగినవి. కఱ్ఱయు గుడ్డయు ఎండకు తేమకు చివికిపోవుచోట లోహము నిలిచెను.

1933లో అధికారమునకు వచ్చిన నాజీలు తమ వైమానికదళము కొఱకు ఈ కర్మాగారములను కోరిరి. యుంకర్స్ ఒప్పుకొనకపోగా, బెదిరించి, మొదట పేటెంటులను, పిదప వాటాలలో అధికభాగమును లాగుకొని, దెస్సావునుండి వెడలగొట్టి నిర్బంధమున ఉంచిరి. 1935 ఫిబ్రవరి 3న, తన 76వ జన్మదినముననే, మ్యూనిక్ చెంత గౌటింగులో ఆయన కన్నుమూసెను. ఆ సెప్టెంబరులో గాలిలోకి లేచిన స్టూకా బాంబరునకు ఆయన పేరే తగిలించిరి. దాని నిర్మాణమున ఆయన పాలు లేదు. యుంకర్స్ పేరు కనబడినపుడు పాఠకులు ఎఫ్ 13ను తలచుకొనవలెనని నా మనవి.