వేడి మీద మొరాయించే పాత కారు

సింగపూర్‌లోని రాఫెల్స్ ప్లేస్‌లో 1960లలో నేల మీద పూలతోట, దాని కింద కార్ల పార్కింగు ఉండేవి. ఇప్పుడు అక్కడ 1987లో తెరిచిన మెట్రో స్టేషను, చుట్టూ బ్యాంకుల ఆకాశహర్మ్యాలు ఉన్నాయి. ఆనాటి కొత్త కార్లు నేడు ‘క్లాసిక్’ కోవలో చేరాయి. 35 ఏళ్ళు నిండిన కారును సింగపూర్‌లో ఆ పథకం కింద నమోదు చేయిస్తే, ఏడాదిలో 45 రోజులకు మించి రోడ్డెక్కించడానికి వీలులేదు. అంత అపురూపంగా బయటికి తీసిన కారును ఆ వీధుల్లో పావుగంట ఆపి, మళ్ళీ తాళం తిప్పితే ఇంజను అందుకోకపోవడం యజమానులకు తెలిసిన అనుభవమే. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఒక్క తిప్పుకే అందుకున్నదీ ఆ ఇంజనే.

దీనికి ‘వేపర్ లాక్’ అని పేరు పెట్టేసి, పెట్రోలు పంపు మార్చేయడం పరిపాటి. కాని వేడి మీద స్టార్టు కాకపోవడం జ్వరం వంటిది. అది లక్షణమే తప్ప వ్యాధి కాదు. దాని వెనక కనీసం నాలుగు వేర్వేరు కారణాలు ఉండవచ్చు. వాటిలో రెండింటికి చికిత్సలు పరస్పర విరుద్ధం.

కారు నడుస్తున్నంతసేపూ నీళ్ళు, ఫ్యాను గాలి, లోనికి వచ్చే చల్లని పెట్రోలు వేడిని మోసుకుపోతుంటాయి. ఇంజను ఆపగానే ఇవన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి. ఇనుప దిమ్మెలోని వేడి మెల్లగా పైకి పాకి కార్బురేటరునూ, పంపునూ, కాయిల్‌నూ కాలుస్తుంది. అందుకే ఆపిన మరుక్షణం స్టార్టయ్యే కారు, పది నుంచి ముప్ఫై నిమిషాల మధ్య మొరాయించి, గంటన్నర తరువాత ఏమీ ఎరగనట్టు అందుకుంటుంది. పెట్రోలు నీటివలె ఒకే ఉష్ణోగ్రత వద్ద మరగదు. అందులోని తేలిక భాగాలు 35–40 డిగ్రీల సెల్సియస్ వద్దే ఆవిరి కావడం మొదలుపెడతాయి. ఏడాది పొడుగునా పగలు 30 డిగ్రీలు దాటే సింగపూర్‌లో ఆ హద్దు ఎంతో దూరంలో లేదు.

కారణ నిర్ణయంలో మొదటి ప్రశ్న: స్టార్టరు ఇంజనును చురుగ్గా తిప్పుతోందా? ఈడ్చుతూ తిప్పినా, ‘టక్’మని ఊరుకున్నా దోషం పెట్రోలుది కాదు. బ్యాటరీ, ఎర్తు తీగ, సాలెనాయిడ్, వేడికి బిగుసుకున్న స్టార్టరు చూడాలి. తిప్పుతున్న సమయంలో బ్యాటరీ నెగటివ్‌కూ ఇంజను దిమ్మెకూ మధ్య అర వోల్టు దాటి కనిపిస్తే ఎర్తు మార్గంలో నిరోధం ఉన్నట్టే.

రెండవ ప్రశ్న: నిప్పురవ్వ ఉందా? స్పార్క్ టెస్టరుతో చూడాలి. పెట్రోలు వాసన గుప్పుమంటుంటే మాత్రం ఆ పరీక్షకు పూనుకోకూడదు. రవ్వ లేకపోతే కాయిల్, కండెన్సరు అనుమానితులు. రాగి నిరోధం డిగ్రీకి సుమారు 0.4 శాతం పెరుగుతుంది కనుక, చల్లగా 3 ఓములున్న కాయిల్ 60 డిగ్రీలు వేడెక్కితే 3.7 చూపడం సహజమే. లోపలి ఇన్సులేషను వేడికి చెడితే ఓమ్ మీటరు పట్టుకోలేదు. వేడి మీద మరొక మంచి కాయిల్ తగిలించి చూడడమే నికరమైన పరీక్ష.

మూడవ ప్రశ్న: పెట్రోలు తక్కువైందా, ఎక్కువైందా? స్పార్క్ ప్లగ్గు పొడిగా ఉంటే ఇంధనం అందలేదు. పంపులో, దాని ముందున్న గొట్టంలో ఆవిరి నిండి ఉండవచ్చు. ఇదే అసలైన వేపర్ లాక్. ప్లగ్గు తడిసి, పెట్రోలు వాసన కొడుతుంటే కార్బురేటరు గిన్నెలో మరిగిన పెట్రోలు పొంగి ఇంజనులోకి కారింది. అప్పుడు చోక్ ముట్టుకోకుండా, యాక్సిలరేటరును నేల దాకా నొక్కి, పదేపదే తొక్కకుండా అలాగే పట్టి స్టార్టరు తిప్పాలి. గాలి ఎక్కువగా లోనికి వెళ్ళి అదనపు పెట్రోలును ఆరబెడుతుంది. వేపర్ లాక్ అనుకుని పెడలు తొక్కుతూ పోతే ఇంజను మరింత మునుగుతుంది.

తెలుగు నేల మీదా ఇది పాత కథే. మే నెల ఎండల్లో అంబాసడర్ డ్రైవర్లు పెట్రోలు పంపుకు తడిగుడ్డ చుట్టేవారు. అది చికిత్సే కాదు, పరీక్ష కూడా. గుడ్డ చుట్టిన రెండు మూడు నిమిషాలకు ఇంజను అందుకుంటే అనుమానం పంపు వైపు బలపడుతుంది. నేడు భారతదేశంలో పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. ఆ మిశ్రమం త్వరగా ఆవిరవుతుంది. పాత రబ్బరు గొట్టాలనూ తినేస్తుంది. చీలిన గొట్టం గాలి పీల్చితే అచ్చం వేపర్ లాక్ లాగే కనిపిస్తుంది.

కారణం తేలాకే మరమ్మతు. ఆవిరి సమస్యకు గొట్టాన్ని ఎగ్జాస్టు నుంచి దూరం జరపడం, పొంగే కార్బురేటరు కింద వేడిని ఆపే దిమ్మె, రేకు అమర్చడం చవకైన మార్గాలు. ట్యాంకు దగ్గర విద్యుత్ పంపు పెడితే, ప్రమాదం జరిగినప్పుడు దానంతటదే ఆగే స్విచ్చు తప్పనిసరి. వేడి ఇంజను మీద కార్బురేటరులో పెట్రోలు పోసి స్టార్టు చేయడం అగ్నిప్రమాదాన్ని పిలవడమే.

చిక్కేమిటంటే, కారు షెడ్డుకు చేరేసరికి చల్లబడి ఉంటుంది. మెకానిక్కుకు ఏ లోపమూ కనబడదు. కనుక మొరాయించిన చోటనే నాలుగు సంగతులు రాసుకోవాలి: ఆపి ఎన్ని నిమిషాలైంది, స్టార్టరు ఎలా తిరిగింది, రవ్వ ఉందా, ప్లగ్గు తడా పొడా. ఆ చిన్న చీటీ ఉంటే అనవసరంగా భాగాలు మార్చే ఖర్చు తప్పుతుంది.